చిన్న ఇటాలియన్ హోటల్‌కు అలంకరణ: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయాన్ని గురించినవి కావడం వల్ల, మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, వీటికి కాస్త వివరంగా సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క వీధిలో ఉన్న మా నాన్నగారి పాత ఇంటి కింది భాగాన్ని, మా తమ్ముడూ నేనూ కలిసి చిన్న ఇటాలియన్ హోటల్‌గా మార్చాలనుకుంటున్నాము. పూర్తిగా శాకాహారం. పిజ్జా, పాస్తా, సూపు, కాఫీ మాత్రమే ఉంటాయి. స్థలం 22 అడుగుల వెడల్పు, 28 అడుగుల పొడవు. నేల పాతకాలపు మొజాయిక్. వీధి వైపు గోడకు అడుగున చెమ్మ ఉంది. కాంట్రాక్టరు ఇచ్చిన కొటేషన్‌లో పీఓపీ ఫాల్స్ సీలింగు, పీసా గోపురం, వెనిస్ పడవలు, రోములోని కొలోసియం బొమ్మలున్న వాల్‌పేపరు, ప్లాస్టిక్ ద్రాక్ష తీగలు, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ రంగుల సోఫాలు, నేలకు విట్రిఫైడ్ టైల్స్, బల్లలకు తెల్ల పాలరాయి ఉన్నాయి. ఖర్చు మా శక్తికి మించిపోతున్నది. నలభై మంది కూర్చోవలసిందేనని తమ్ముడి పట్టుదల. వీటిలో ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి? మన శ్రీకాళహస్తి కలంకారీని గోడలకు వాడవచ్చునా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, ఆ కొటేషన్‌లో ఉంచుకోదగినది నాకు ఒక్కటీ కనిపించలేదు. కఠినంగా అనిపిస్తే మన్నించండి. అందులోని వస్తువులన్నీ ఇటలీ పేరును గోడ మీద చాటేవే తప్ప, లోపలికి వచ్చి కూర్చున్న మనిషికి అక్కడి చిన్న భోజనశాలలో ఉండే హాయిని ఇచ్చేవి కావు. పీసా గోపురం ఉన్నది టస్కనీలో, పడవలు తిరిగేది ఈశాన్యాన ఉన్న వెనిస్‌లో, కొలోసియం ఉన్నది రోములో. ఈ మూడింటినీ ఒకే గోడ మీద అతికించడం, అమెరికాలో ఎవరో ఆంధ్రా మెస్ తెరిచి, దాని గోడ మీద తాజ్‌మహల్‌నూ స్వర్ణదేవాలయాన్నీ హౌరా వంతెననూ పక్కపక్కన వేయించినట్టుగా ఉంటుంది. ఇటలీ ఒకే రాజ్యంగా ఏర్పడినది 1861లో. అంతకు ముందు శతాబ్దాల పాటు వేరువేరు రాజ్యాలుగా, నగరాలుగా ఉన్నందువల్ల అక్కడి వంట, ఇళ్ల గోడల తీరు, పింగాణీ పని నేటికీ ప్రాంతానికొక విధంగా ఉంటాయి. కాబట్టి ఏదైనా కొనడానికి ముందు, ఇటలీలోని ఏ ప్రాంతాన్ని అనుసరించబోతున్నారో మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాలి.

మీ స్థలానికి నేను సూచించేది దక్షిణాన ఉన్న నేపుల్స్ నగరాన్నీ, దానికి చేరువలోని అమాల్ఫీ తీరాన్నీ. మీరు అమ్మబోయే పిజ్జాకు పుట్టినిల్లు నేపుల్స్. అక్కడి పిజ్జా పనివారి విద్యను యునెస్కో 2017లో సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. అంతకంటె ముఖ్యమైన కారణం మన ఎండ. టస్కనీ పల్లెల తీరులో ఉండే మొరటు రాతి గోడలు, ముదురు రంగు దూలాలు, గోధుమరంగు పూతలు చలిదేశపు సాయంత్రాలకు బాగుంటాయి కానీ, నలభై డిగ్రీలు దాటే మే నెల మధ్యాహ్నం అలిపిరి వైపు నుంచి ఎండలో వచ్చిన కుటుంబానికి అవి ఉక్కపోతనే గుర్తుచేస్తాయి. దక్షిణ తీరంలో గోడలు సున్నపు తెలుపు, తొట్టెలు కాల్చిన మట్టివి, అక్కడక్కడా నీలం, పసుపు రంగుల చేతిపని పలకలు, వాటి మీద తరచుగా కనిపించే బొమ్మ నిమ్మకాయ. అమాల్ఫీ కొండవాలుల మీద మెట్లు మెట్లుగా కట్టిన నిమ్మతోటలు ఆ తీరానికే గుర్తు. గూడూరు నిమ్మ మార్కెట్టుకు ఇంత దగ్గరలో ఉన్న మనకు ఆ కాయ పరాయిది కాదు. ఆ ఒక్క బొమ్మను పట్టుకుని హోటల్ మొత్తాన్ని నడపవచ్చు. రెండవ బొమ్మ వద్దు.

నేల గురించి రెండు మాటలు. ఆ మొజాయిక్‌ను దయచేసి పగలగొట్టించకండి. పాలరాతి ముక్కలను సున్నంలోనో సిమెంటులోనో కలిపి పోసి, ఆరిన తరువాత అరగదీసి నునుపు చేసే ఈ పని వెనిస్ ప్రాంతంలో శతాబ్దాలుగా ఉన్నదే. అక్కడ దానిని టెరాజో అంటారు. అంటే మీ ఇంట్లో అసలైన ఇటాలియన్ వస్తువు ఏదైనా ఇప్పటికే ఉన్నదంటే అది మీ కాళ్ల కిందనే ఉన్నది, కాంట్రాక్టరు దానినే కప్పేయమంటున్నాడు! పాలిషింగ్ మిషను ఉన్న మేస్త్రీని పిలిపించి, పగుళ్లలో అదే రంగు సిమెంటూ అవే రంగు రాతి ముక్కలూ నింపించి, ముతక రాయి నుంచి సన్న రాయి దాకా వరుసగా రుద్దించండి. అద్దంలా మెరిసే దాకా మాత్రం పోనివ్వవద్దు. కార్తీకమాసపు వానల్లో తడి చెప్పులతో వచ్చేవారు జారిపడతారు. నూనె మరక ఇంకకుండా చివరన సీలర్ పూయించాలి.

ఇక గోడలు. ఇక్కడ తొందరపడితే డబ్బు నిజంగానే గోడపాలవుతుంది. పాత ఇళ్ల గోడల అడుగున నేలలోని తడి పైకి ఎగబాకుతుంది. దాని మీద వాల్‌పుట్టీ పెట్టి ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఆ తడి బయటికి పోయే దారి లేక, రెండు మూడు వానాకాలాలలోనే పూత బుడగలు కట్టి పెచ్చులుగా ఊడిపోతుంది. వాల్‌పేపరుకైతే బూజు కూడా తోడవుతుంది. సున్నపు పూత తడిని లోపల బంధించదు. గోడ ఊపిరి పీల్చుకుంటుంది. తడిసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా గట్టిపడుతుంది కనుక, పూతకూ పూతకూ మధ్య వ్యవధి ఇవ్వాలి, పూతలు పలుచగా ఉండాలి. ఒకే మందపాటి పూతకు బదులు మూడు నాలుగు పలుచని పూతలు వేయించండి. ఇటలీలో సున్నానికి పాలరాతి పొడి కలిపి తాపీతో రుద్ది నునుపు తేల్చే పద్ధతి ఒకటి ఉన్నది. మన పెద్దలు కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి చేయించిన గచ్చుపని దానికి తీసిపోయేది కాదు. ఆ పని తెలిసిన వృద్ధ మేస్త్రీ ఎవరైనా దొరికితే మొత్తం గోడలన్నింటికీ కాకపోయినా, గుమ్మం ఎదురుగా కనిపించే ఒక్క గోడకైనా చేయించండి. ఆ గోడ మీద ఏ బొమ్మా అక్కరలేదు, పగటి వెలుగు పడితే చాలు.

అయితే సున్నం వేసినంత మాత్రాన చెమ్మ మాయం కాదు. వీధి కాలువ నీరు గోడవైపు ఇంకుతున్నదేమో, పైకప్పు నుంచి దిగే గొట్టం అక్కడ పగిలి ఉన్నదేమో ముందుగా చూపించుకోవాలి. గోడకు అడుగున నాలుగు అడుగుల మేర పాత సిమెంటు పూత ఉంటే దానిని తీయించి సున్నంతోనే తిరిగి పూయించాలి. సున్నపు గోడ బట్టలకు అంటుతుందన్న భయం ఉంటే, గోడ వెంబడి వేసే బెంచీకి వీపు ఆనే ఎత్తు వరకు చెక్క పట్టీ బిగించండి. చెక్కకూ గోడకూ మధ్య కాస్త ఖాళీ వదలాలి. సున్నంలో రంగు కావాలంటే దాని క్షారానికి తట్టుకునే మట్టి రంగులు, ఇనుప ఆక్సైడ్ రంగులు మాత్రమే వాడాలి. ఇటలీలోని సియెనా పట్టణం పేరు మీద చిత్రకారులు వాడే ఒక మట్టి రంగే ఉన్నది. మీకు మాత్రం తెలుపు, తలుపులకు సముద్రపు నీలం, అక్కడక్కడా నిమ్మపసుపు చాలు. జెండా రంగులు సోఫాలకు వేయడం ఏ దేశపు అలంకరణా కాదు.

తమ్ముడి నలభై మంది సంగతి లెక్కలోనే తేలిపోతుంది. మీ స్థలం మొత్తం 616 చదరపు అడుగులు. వంటగదికి, గిన్నెలు కడిగే చోటుకు, సామాను గదికి కలిపి మూడో వంతుకు పైగా పోతుంది. మిగిలిన సుమారు 400 చదరపు అడుగులలో కౌంటరు, చేతులు కడుక్కునే చోటు తీసివేసి, మనిషికి 14 లేక 15 చదరపు అడుగుల చొప్పున చూస్తే 24 మంది కూర్చోగలరు. ఇరికిస్తే 28 మంది. నలభై కుర్చీలు వేస్తే, సూపు పళ్లెం పట్టుకుని నడిచే కుర్రవాడికి దారి ఉండదు. నడవకు కనీసం మూడు అడుగులు వదలండి. ఒక గోడ పొడవునా 18 అంగుళాల ఎత్తు, అంతే లోతు ఉన్న బెంచీ కట్టిస్తే ఆ వైపు కుర్చీలు వెనక్కి జరిపే చోటు మిగులుతుంది. బల్లలన్నీ ఇద్దరికి సరిపడే 24 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవుతో, ఒకే ఎత్తులో చేయించండి. మన వాళ్లు దర్శనం చేసుకుని ఆరుగురూ ఎనిమిది మందీ కలిసి వస్తారు, కాలేజీ పిల్లలు ఇద్దరిద్దరుగా వస్తారు. ఒకే కొలతలో ఉన్న బల్లలనైతే వచ్చిన వారిని బట్టి కలపవచ్చు, విడదీయవచ్చు. పాత నేల హెచ్చుతగ్గులకు బల్ల ఊగకుండా కాళ్లకు మరలు తిప్పి సరిచేసే గుండీలు పెట్టించండి.

బల్లల పైభాగానికి తెల్ల పాలరాయి వద్దనడానికి కారణం ధర ఒక్కటే కాదు. పాలరాయి అయినా, మన కడప బండ అయినా సున్నపురాతి జాతికి చెందినవే కనుక నిమ్మరసం, టమాటా, వెనిగర్ పడితే ఆ పులుపు రాతిని తినేసి మచ్చ వేస్తుంది. ఆ మచ్చ మురికి కాదు కాబట్టి ఎంత తుడిచినా పోదు. టమాటా సాసే ప్రధానమైన హోటల్‌లో ఇది ప్రతి పూటా జరిగే పనే. గ్రానైటుకు ఆ బెడద లేదు. కుప్పం వైపు తీసే గ్రానైటు దేశమంతటికీ పోతుండగా మనం రాజస్థాన్ వైపు చూడనక్కరలేదు. మెరుపు పాలిష్ కాకుండా మసక నునుపు చేయించిన లేత రంగు పలక తీసుకోండి. దాని మీద గుడ్డ పరచవలసిన పని లేదు. ఎరుపు, తెలుపు గళ్ల గుడ్డ లేనిదే ఇటాలియన్ హోటల్ కాదని చాలామంది అనుకుంటారు. ఆ గుడ్డకు అంత పేరు వచ్చినది అమెరికాలో స్థిరపడిన ఇటాలియన్ కుటుంబాల హోటళ్ల వల్ల. పైగా రోజూ దానిని ఉతికించాలి, ఇస్త్రీ చేయించాలి.

కుర్చీల విషయంలో పెద్దగా ఆలోచించవద్దు. అక్కడి చిన్న హోటళ్లలో గడ్డితో అల్లిన కుర్చీలు ఉంటాయి, మనకు పేముతో అల్లినవి ఉన్నాయి. పాత ఇళ్ల కలప అమ్మే దుకాణాలలో టేకు తలుపులు దొరికితే కౌంటరు ముందు భాగానికి వాడుకోండి.

దీపాల మీద మాత్రం ఖర్చుకు వెనుకాడవద్దు. కొటేషన్‌లో ఫాల్స్ సీలింగుకు రాసిన మొత్తంలో సగం దీపాలకు పెట్టినా హోటల్ రూపమే మారిపోతుంది. మన ఊళ్లలో ఎక్కువ హోటళ్లలో వాడేది 6,500 కెల్విన్ తెల్లటి వెలుగు. అందులో మనుషుల ముఖాలు పాలిపోయి కనిపిస్తాయి. మీరు పసుపు ఛాయ ఉన్న వెచ్చటి వెలుగునిచ్చే 2,700 కెల్విన్ దీపాలు తీసుకోండి. ఆ అంకె పెట్టె మీద రాసి ఉంటుంది. దాని పక్కనే, దీపం వస్తువుల రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అన్న మరొక అంకె ఉంటుంది. అది 90కి తగ్గరాదు. అది తక్కువగా ఉన్న దీపం కింద ఎర్రటి టమాటా సాసు కావి రంగులోకి దిగుతుంది, తులసి జాతి ఆకు పచ్చదనం చచ్చిపోతుంది. వంట ఎంత బాగున్నా తినేవాడికి మొదట అందేది ఆ రంగే. ప్రతి బల్ల మీదుగా ఒక చిన్న దీపాన్ని, బల్ల నుంచి 30 మొదలు 34 అంగుళాల ఎత్తులో వేలాడదీయండి. ఎదుటివారి ముఖానికి అడ్డు రాకుండా, కంటికి బల్బు కనిపించకుండా ఉండేది ఆ ఎత్తే. దీపపు టోపీలు పలమనేరు కుమ్మరులతో కాల్చిన మట్టివి చేయించవచ్చు. మట్టి బొమ్మలకు పేరుపొందిన ఊరు కనుక అచ్చు చూపిస్తే పని తెలుసుకుంటారు. బల్లల దీపాలకు, గోడ దీపాలకు, శుభ్రం చేసే వేళ వాడే పెద్ద వెలుగుకు వేరువేరు స్విచ్‌లు పెట్టించండి, మొదటి రెండింటికి డిమ్మర్లు కూడా. పగలు పూర్తిగానూ రాత్రి సగంగానూ వెలిగించుకునే వీలు ఉంటే ఒకే గది రెండు పూటలకూ సరిపోతుంది.

ఎవరూ ముందుగా ఆలోచించనిది చప్పుడు. మొజాయిక్ నేల, సున్నపు గోడలు, గ్రానైటు బల్లలు, ముందు అద్దం, ఇవన్నీ ధ్వనిని తిరిగి విసిరేవే. పాతిక మంది ఒకేసారి మాట్లాడితే గది మార్మోగి, ఒకరి మాట ఒకరికి వినిపించక ఇంకా గట్టిగా అరుస్తారు. దీనికి విరుగుడు పైకప్పులోనే ఉన్నది. పీఓపీ కూడా గట్టిదే కనుక దానివల్ల ప్రయోజనం తక్కువ. రాతిని కరిగించి దూదిలా తీసి చేసే రాక్‌వూల్ పలకలకు గుడ్డ తొడిగి, బల్లల వరుసకు పైన, కప్పుకు కాస్త కిందుగా వేలాడదీస్తే మార్మోత బాగా తగ్గుతుంది. థర్మోకోల్, ఫోము మాత్రం వద్దు, అవి త్వరగా అంటుకుంటాయి.

మీరు అడిగిన కలంకారీకి తగిన చోటు ఆ పలకలే. రామాయణ ఘట్టాలో దశావతారాలో ఉన్న వస్త్రాన్ని పిజ్జా తినే బల్లల పైన కట్టడం నాకు రుచించదు. వేడి, జిడ్డు ఆవిరి తగిలే చోట ఆ పనికి మర్యాదా దక్కదు, మన్నికా ఉండదు. కానీ శ్రీకాళహస్తి మనకు నలభై కిలోమీటర్ల లోపే ఉన్నది. వెదురు కలంతో, ఇనుమునూ బెల్లాన్నీ ఊరబెట్టి తీసిన నల్లరంగుతో గీసే ఆ చేతులకు నిమ్మకొమ్మ గీయడం ఎంతసేపు? కరక్కాయ, పాలలో నానిన ఆ బట్టకు సహజంగా వచ్చే లేత పసుపు మీద నల్లని నిమ్మకొమ్మలు, ఆకులు, పూలు గీయించి వాటినే ఆ పలకలకు తొడగండి. చప్పుడుకు మందూ అవుతుంది, ఇటలీ వస్తువూ మన పనితనమూ ఒకే గుడ్డ మీదికి వస్తాయి. వంటగది కిటికీకి దూరంగా ఉన్న వరుసకు మాత్రమే సుమా.

ఇటలీ హోటళ్లలో భోజనాల గదిలోనే చేతులు కడుక్కునే చోటు పెట్టే అలవాటు లేదు. మనకు అది లేనిదే కుదరదు, కాబట్టి దానిని మూలన దాచకుండా అలంకరణకు కేంద్రంగా చేసుకోండి. బేసిను వెనుక నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తు గోడకు మాత్రమే నీలం, పసుపు రంగుల పలకలు అతికించండి. అమాల్ఫీ తీరంలోని వియెత్రి అనే ఊరు ఇలాంటి చేతిపని పలకలకు ప్రసిద్ధి. వాటిని తెప్పించుకోనక్కరలేదు; గుజరాత్‌లోని మోర్బీలో తయారయ్యే అచ్చు పలకలలో దగ్గరి నమూనాలు దొరుకుతాయి, కాస్త ఎక్కువ పెట్టగలిగితే జైపూరు నీలి పింగాణీ పనివారి పలకలు తెప్పించుకోవచ్చు. తడి తగిలే గోడ కూడా అదే కనుక పలకకు అక్కడ పని ఉన్నది, ఊరికే అతికించినట్టు ఉండదు.

ప్రశ్న: చిత్తూరులో మొదటి అంతస్తులో ఒక హాలు అద్దెకు తీసుకున్నాను. కస్టమర్లకు కనిపించేలా కట్టెల పిజ్జా పొయ్యిని హాలు మధ్యలో కట్టించాలని ఉన్నది. అలంకరణగా అది గొప్పగా ఉంటుందని నా నమ్మకం. మీరేమంటారు?
— ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: గొప్పగా ఉంటుందన్న మాట నిజమే, కానీ మొదటి అంతస్తులో వద్దు. ఇటుకతో కట్టిన గుమ్మటపు పొయ్యి బరువు తేలికగా టన్ను దాటుతుంది. ఆ బరువంతా కొద్ది చదరపు అడుగుల శ్లాబు మీద పడుతుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు శ్లాబు కింద దూలాలు చూసి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ ఆలోచన మానుకోండి. ఇంటి యజమానికి ముందుగా చెప్పకపోతే గొడవలు కూడా వస్తాయి. నేపుల్స్ పద్ధతిలో పొయ్యి లోపల సుమారు 485 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది, పిజ్జా 60 మొదలు 90 సెకన్లలో కాలుతుంది. అంత వేడి హాలు మధ్యలో ఉంటే మీ ఏసీలు దానితో పోరాడడానికే సరిపోతాయి. పొగగొట్టాన్ని పై అంతస్తులు దాటించి డాబా పైకి తీసుకుపోవాలి, లేకపోతే ఇరుగుపొరుగు ఊరుకోరు.

మీ కోరికలో సబబైన భాగం మరొకటి ఉన్నది. పిండిని చేతితో చాచి, పారతో లోపలికి తోసే మనిషి కనిపించడమే అసలైన ఆకర్షణ. నిప్పు దాని తరువాతే. కరెంటు డెక్ ఓవెన్‌ను వంటగది అంచున పెట్టి, హాలుకూ వంటగదికీ మధ్య గోడలో నడుము ఎత్తు నుంచి పైకి నాలుగైదు అడుగుల వెడల్పు గల కిటికీ తీయించి, దానికి వేడిని తట్టుకునే గట్టి అద్దం బిగించండి. అది బరువు మోసే గోడ కాదని ముందుగా ఇంజినీరుతో చూపించుకోవాలి. కిటికీ అరుగు మీద పిండి చల్లి పనిచేసే గ్రానైటు బల్ల, దాని పైన ఒక మంచి దీపం ఉంటే పిల్లలు ముందు అక్కడికే పోతారు. ఆ కిటికీ పక్క అరలో మదనపల్లె టమాటాలు బుట్టలో పోసి పెట్టండి. టమాటా అమెరికా ఖండాల నుంచి పదహారవ శతాబ్దంలో ఇటలీకి చేరినది, మనకు ఆ తరువాత వచ్చినది. ఈ రోజు దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి మీకు అంత దగ్గరలో ఉండగా ప్లాస్టిక్ కూరగాయలు వేలాడదీయడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎప్పుడైనా కింది అంతస్తుకు మారితే అప్పుడు కట్టెల పొయ్యి సంగతి మళ్లీ రాయండి.

ప్రశ్న: మా హోటల్‌లో మద్యం ఉండదు. అయినా ఇటాలియన్ వాతావరణం కోసం గడ్డి అల్లిన ఖాళీ వైన్ సీసాలలో కొవ్వొత్తులు పెట్టమని డిజైనర్ చెబుతున్నాడు. పెట్టవచ్చునా?
— ఒక పాఠకుడు, తిరుచానూరు రోడ్డు, తిరుపతి

సమాధానం: వద్దు. టస్కనీలో కియాంటీ వైను నింపే ఆ సీసాకు అడుగు గుండ్రంగా ఉండేది. అది నిలబడడానికి, దారిలో పగలకుండా ఉండడానికి గడ్డి అల్లేవారు. అవసరం కోసం పుట్టిన ఆ అల్లిక తరువాత హోటళ్లకు అలంకారమైపోయింది. తిరుమల నుంచి దిగి తలనీలాలు ఇచ్చిన పెద్దవారితో వచ్చే కుటుంబం, తలుపు తీయగానే సీసాల వరుస చూసి వెనుదిరిగితే తప్పు వారిది కాదు. మద్యం అమ్మని చోట మద్యం గుర్తులు పెట్టడం అబద్ధం కూడా.

వాటికి బదులు వంటగదిలో నిజంగా వాడే వస్తువులను అరలలోకి తీసుకురండి. ఆలివ్ నూనె డబ్బాలు, టమాటా డబ్బాలు ఇటలీలో అచ్చువేసే రంగులతోనే ముచ్చటగా ఉంటాయి. ఖాళీ అయిన వాటిలో మట్టి నింపి, అడుగున రంధ్రం చేసి, మొక్కలు పెట్టవచ్చు. రకరకాల పాస్తాను గాజు జాడీలలో పోసి వరుసగా పేర్చండి, పురుగు పట్టకుండా నెల నెలా మార్చండి. ఇటాలియన్ వంటలో వాడే తులసి మన పూజలోని తులసి కాదు. సబ్జా గింజలు ఇచ్చే మొక్క జాతికి చెందినది. తూర్పు కిటికీలో కుండీలలో అది బాగా పెరుగుతుంది, మే నెలలో మాత్రం మధ్యాహ్నపు ఎండ నుంచి నీడ కావాలి. కోట తులసిని మాత్రం అలంకారానికి బల్లల మీద పెట్టి, దాని పక్కన ఎంగిలి పళ్లేలు పేర్చే పరిస్థితి తెచ్చుకోకండి. కొవ్వొత్తికి కూడా ఏసీ గాలిలో ఆయుష్షు లేదు. ప్రశాంతమైన వెలుగు కోసం మొదటి సమాధానంలో చెప్పిన డిమ్మర్ చాలు.

ప్రశ్న: మా క్యాష్ కౌంటరు వెనుక శ్రీ వేంకటేశ్వరస్వామి పటం, దానికి దీపం ఉండాలని మా మామగారు అంటున్నారు. అది ఉంటే ఇటాలియన్ హోటల్ తీరు చెడిపోతుందని డిజైనర్ అంటున్నారు. పేరు బోర్డు కూడా ఇటాలియన్‌లోనే ఉండాలట. మామగారి మాట కాదనలేను, డిజైనర్‌కు అడ్వాన్సు ఇచ్చేశాము.
— ఒక పాఠకురాలు, రేణిగుంట రోడ్డు, తిరుపతి

సమాధానం: మీ మామగారే నిజమైన ఇటాలియన్ పద్ధతి చెబుతున్నారు. నేపుల్స్ వీధి గోడలలో చిన్న చిన్న గూళ్లు కట్టి మేరీమాత బొమ్మనో ఆ నగర రక్షకుడిగా కొలిచే సాన్ జెన్నారో బొమ్మనో పెట్టి దీపాలు వెలిగించడం ఎంతో కాలంగా ఉన్న ఆచారం. అక్కడి హోటళ్లలోనూ దుకాణాలలోనూ కౌంటరు వెనుక ఆ పటాలు మామూలుగా కనిపిస్తాయి, వాటి పక్కనే ఫుట్‌బాల్ ఆటగాడు మరడోనా ఫొటో కూడా ఉంటుంది! యజమాని నమ్మిన దైవం లేని కౌంటరే అక్కడ వింత. కాబట్టి పటాన్ని మేకుకు తగిలించి వదిలేయకుండా, కౌంటరు వెనుక గోడలోనే అర్ధచంద్రాకారపు పైభాగంతో ఒక గూడు తీయించి, లోపల నీలం పూత వేయించి, స్వామిని అందులో ఉంచండి. అది మీ హోటల్‌లో అన్నిటికంటె అందమైన భాగం అయినా నేను ఆశ్చర్యపోను. గోడ మందం తొమ్మిది అంగుళాలు ఉంటే నాలుగంగుళాల లోతు గూటికి చాలు. నాలుగున్నర అంగుళాల గోడ అయితే తవ్వకుండా చెక్కతో గూడు చేయించి బిగించండి.

పేరు బోర్డు విషయంలో డిజైనర్ మాట చెల్లదు. మన రాష్ట్రంలో దుకాణాల బోర్డుల మీద పేరు తెలుగులో ఉండాలన్నది నిబంధన. ఇతర భాషల అక్షరాలు దాని కిందనే ఉండాలి. ఇటాలియన్ పేరైనా తెలుగు లిపిలో చక్కగా రాయించవచ్చు. ప్లాస్టిక్ అక్షరాలకు వెనుక నుంచి దీపం పెట్టే బోర్డుకు బదులు, చేతితో బోర్డులు రాసే పెయింటరు ఎవరైనా ఊరిలో ఇంకా పని చేస్తుంటే ఆయనతో నీలిరంగు రేకు మీద తెల్లటి అక్షరాలు రాయించండి. లోపల ఆ రోజు వంటల పట్టికను కూడా నల్లబల్ల మీద సుద్దతో తెలుగులోనే రాయండి. ఇటలీ చిన్న హోటళ్లలో ఆ పని యజమాని ఇంటివారే చేస్తారు. ఆహార భద్రత లైసెన్సు సంఖ్య ఉన్న బోర్డు కస్టమర్లకు కనిపించే చోట తప్పనిసరిగా ఉండాలి కనుక, దానికి కౌంటరు పక్కన ముందుగానే చోటు కేటాయించి, మిగతా చెక్కపనికి నప్పే ఫ్రేము కట్టించండి. చివరి నిమిషంలో సెల్లోటేపుతో అతికించిన కాగితం ఎంత ఖరీదైన గోడనైనా పాడుచేస్తుంది.

దీపం గురించి ఒక జాగ్రత్త. గూటిలో నూనె దీపం రోజంతా వెలిగితే పైభాగం మసిబారుతుంది, పక్కన కార్డు మిషను తీగలు, కాగితపు రుమాళ్లు ఉంటాయి. ఉదయం తలుపు తీసే వేళ, సాయంత్రం దీపాల వేళ నూనె దీపం వెలిగించి, మిగిలిన సమయంలో గూటి పైభాగాన దాచిన చిన్న 2,700 కెల్విన్ దీపాన్ని వేసి ఉంచండి. గూటి పైకప్పుకు ఇత్తడి రేకు బిగిస్తే మసి తుడవడం సులువు. ఈ గూడు సంగతి డిజైనర్‌కు ఇప్పుడే చెప్పి, కౌంటరు నమూనాలో గీయించుకోండి. ప్లాస్టరింగ్ అయిపోయాక చెబితే తవ్వకానికి కూలీ వేరుగా అడుగుతారు.